దొనవంక మూడో దూకు

మునస్వామి మేకలకు నేను ఆరేండ్లు సూదులు వేశాను. మాది పుంగనూరు. శాంతిపురం పశువుల ఆస్పత్రిలో కాంపౌండరుగా చేరినప్పుడు నాకు అప్పగించిన పల్లెల్లో అన్నిటికంటే దూరంది ఎర్రబండపల్లె. తారు రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు మట్టిదారిలో పోతే దొనగుట్ట అడ్డం వస్తుంది. గుట్ట కింద నలభై ఇళ్లు, ఒక కుంట, కుంట కింద పదిహేను ఎకరాల మడి. మిగతాదంతా వేరుశెనగ, ఉలవ చేన్లు. సగం ఇళ్లలో గొర్రెలో మేకలో ఉంటాయి. నన్ను ఆ ఊళ్లో పేరు పెట్టి ఎవరూ పిలవరు. ‘సూదుల సారు’ అంటారు.

పారుడు రోగం టీకాలకు మొదటిసారి పోయిన రోజే మునస్వామి నా కంటబడ్డాడు. అందరూ మేకను చెవో కాలో పట్టి లాగుతుంటే, ఈయన ఒక్కొక్కదాన్ని పేరుతో పిలిచి, మోకాళ్ల మధ్య ఇరికించుకుని, అది బెదిరేలోపే “కానీ సార్” అనేవాడు. యాభై దాటిన మనిషి. మాట తక్కువ. నలుగురు కూర్చున్న చోట చివర కూర్చుని, వాళ్లు లేచినప్పుడు లేచే రకం. ఒక్క సంగతి మీద మాత్రం ఆయన నోరు ఆగేది కాదు. అది దొనవంక.

దొనగుట్ట నెత్తిన బండల నడుమ నీళ్లు నిలిచే పెద్ద గుంట ఉంది. దాన్నే దొన అంటారు. వాన గట్టిగా పడితే దొన నిండి పొర్లుతుంది. ఆ నీళ్లు గుట్ట చీలికలో పడి, వంకై, ఊరి కుంటకు చేరతాయి. దారిలో మూడు తావుల్లో బండ మీది నుంచి దూకుతాయి. జలపాతం అనే మాట ఆ ఊళ్లో ఎవరూ అనరు, ‘దూకు’ అంటారు. మొదటి దూకు కాడికి ఆడవాళ్లు బట్టలుతకను పోతారు. రెండోదాని దాకా మేకలు పోతాయి. మూడోదాన్ని చూసినవాడు ఊరంతటికీ మునస్వామి ఒక్కడే. చిన్నప్పుడు వాళ్ల నాయన గురప్ప తీసుకుపోయి చూపించాడట. గురప్ప పోయాక ఆ దారి తెలిసినవాళ్లు వేరే ఎవరూ మిగల్లేదు, తెలుసుకుందామని అడిగినవాళ్లూ లేరు.

ఏటా కార్తీకం వానలు పట్టుకోగానే ఆయన మేకల్ని భార్య లక్ష్మీదేవమ్మకు వదిలి, టవల్లో సంగటి ముద్ద మూటగట్టుకుని వంక పట్టుకుని పోయేవాడు. పొద్దు వాలేటప్పుడు తడిసి ముద్దై దిగేవాడు.

“కొండెక్కితే ఎవురైనా కట్టెలు తెస్తారు, తేనె తెస్తారు. ఈ మనిషి నీళ్లు పడేది సూసేసి ఉత్తసేతుల్తో వస్తాడు. ఏం సెప్పేది సార్” అని లక్ష్మీదేవమ్మ నా ముందే నవ్వేది.

“మూడో దూకు నువ్వు సూల్లేదు. సూసింటే ఈ మాట అనవు” అనేవాడాయన. కూతురు రేఖకు చూపించాలని ఒకసారి బయల్దేరదీశాడట. ఆ పిల్ల రెండో దూకు దాకా పోయి, కాళ్లు నొప్పులని తిరిగొచ్చేసింది. ఊళ్లో మేకలోళ్లను పిలిచినా నవ్వేవాళ్లే. ఇరవై ఏండ్లుగా, తాను చూసిందాన్ని ఇంకొకరికి చూపించాలన్న ఆశ ఆ మనిషిలో అట్లాగే ఉండిపోయింది. నాకూ చాలాసార్లు చెప్పాడు. వస్తాను, వస్తాను అనేవాణ్ని.

రెండువేల ఇరవై ఒకటి నవంబరులో మా జిల్లాలో వానలు ఎట్లా కొట్టాయో అందరికీ తెలుసు. కుంటలన్నీ నిండి మరవలు పారాయి. అది అయిన రెండు వారాలకు, ఒక శనివారం, ఆస్పత్రి పక్కన టీ కొట్టు ముందు బెంగుళూరు నంబరు జీపొకటి ఆగింది. ముగ్గురు దిగారు. మంచి బూట్లు, వీపున సంచులు. వాళ్లలో పెద్దాయన పేరు లక్ష్మీపతి. నలభై అయిదేళ్లుంటాయి. కన్నడం కలిసిన తెలుగు, నవ్వు మొహం. టీ తాగుతూ నన్నే అడిగాడు.

“ఈ పక్క కొండల్లో ఫాల్స్ ఏమన్నా ఉన్నాయా సార్? ఎవరూ చూడనివి. ఊరికే నడిచి పోయి చూడాలని మాకు పిచ్చి.”

నాకు ఆ మాట వినగానే మునస్వామి తప్ప ఇంకెవరూ గుర్తు రాలేదు. ఆయన నంబరు నా దగ్గరే ఉంది. అక్కడే ఫోన్ చేశాను.

“నీళ్లు సూసేదానికే వచ్చినారా? బెంగుళూరు నుంచా?” అని మూడుసార్లు అడిగాడు. “రేపు పొద్దున్నే రమ్మను సార్. నువ్వూ రా. ఈసారి తప్పిచ్చుకోవద్దు.”

ఆదివారం ఏడింటికి మేము పోయేసరికి ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, చేతిలో కొడవలి, కర్రతో కుంట కట్ట మీద నిలబడున్నాడు. పెండ్లిచూపులకు పోయేవాడిలా ఉన్నాడని నేను ఎగతాళి చేస్తే సిగ్గుపడ్డాడు.

వంకలోనే నడక. మొదట మోకాలి లోతు కూడా లేని నీళ్లు, కాలి కింద గుండ్రాళ్లు, రెండు పక్కలా కానుగ చెట్లు. మొదటి దూకు మనిషెత్తు ఉంటుంది. పక్కనుంచి ఎక్కేశాం. అక్కడినుంచి వంక ఇరుకవుతుంది. కొమ్మలు నరుకుతూ, పాచి పట్టిన బండ ఏదో, గట్టి బండ ఏదో కర్రతో కొట్టి చూపిస్తూ ఆయన ముందు పోతుంటే, మేం ఆయన కాలు పెట్టిన చోటే కాలు పెట్టి పోయాం. రెండో దూకు రెండు పాయలుగా పడుతుంది. దాని కింది మడుగులో నేను జారి నడుం దాకా మునిగాను. జేబులో ఫోన్ తడిసి చచ్చిపోయింది. అందరూ నవ్వారు. మునస్వామి నా చెయ్యి పట్టి లాగి, “ఇదేం లేదు సార్, పైన సూడాల నువ్వు” అన్నాడు.

అక్కడ దారి అయిపోయినట్టే అనిపిస్తుంది. ఎదురుగా నిలువు బండ. ఆయన ఎడమ పక్క ఈత పొదల్ని కొడవలితో తొలగించాడు. వెనక మనిషి అడ్డంగా దూరేంత చీలిక. సంచులు దించి, ఒకరి వెనక ఒకరం దూరాం. లోపల చీకటి, గబ్బిలాల కంపు, కాళ్ల కింద సన్నగా నీళ్లు. ఇరవై అడుగులు అట్లా పోయి బయటపడితే, పైనంతా ఆకాశం.

మూడు పక్కలా నల్లటి బండ. మధ్యలో యాభై అరవై అడుగుల పైనుంచి నీళ్లు. నడుమ ఎక్కడా మెట్టు లేదు, రాయి అడ్డం లేదు. పైన వదిలితే కింద పడేదాకా ఒకే గుడ్డ పరిచినట్టు. పడిన చోట పొగలాగా తుంపర లేచి మా మొహాలకు తగిలింది. చెవులు నిండిపోయాయి. నేను పుట్టి పెరిగింది ఈ గడ్డలోనే. నీళ్లంటే బోరు, ట్యాంకరు, బిందెల వరస. మా గుట్టల్లో ఇంత నీరు ఇట్లా పడుతుందని ఎవరన్నా చెప్తే నమ్మేవాణ్ని కాదు.

మునస్వామి నీళ్లను చూడ్డం లేదు. మా మొహాలు చూస్తున్నాడు. ఒక్కొక్కరి మొహమూ చూసి, “ఎట్లుండాది?” అన్నాడు.

“అద్భుతం మునస్వామన్నా” అన్నాడు లక్ష్మీపతి. కానీ ఆయన నీళ్ల దగ్గరికి పోలేదు. పక్కకు పోయి బండ మీద అరచెయ్యి పెట్టి కిందినుంచి పైదాకా చూశాడు. “ఈ నలుపు వెనక్కి ఎంతదూరం పోతుంది అన్నా?”

“గుట్టంతా ఇదే రాయి సార్. ఆ తట్టు దొన దాకా. యాడా పగులుండదు. మా నాయన సెప్తాండె, ఈ బండకు సీమ దూరేంత సందు గూడా లేదని.”

వాళ్లలో ఒకతను చిన్న సుత్తితో అంచున ఒక ముక్క కొట్టుకున్నాడు. మా పాప స్కూల్లో రాళ్లు దాచిపెడుతుంది అన్నాడు. ఇంకొకతను ఫోన్‌లో ఏదో గురుతు పెట్టుకున్నాడు. ఫోటోలు చాలా తీశారు. మునస్వామి అడిగినదానికీ, అడగనిదానికీ జవాబు చెప్తూనే ఉన్నాడు. గుట్టకు అవతల బండిదారి యాడుందో, పైకి యాడనుంచి ట్రాక్టరు ఎక్కుతుందో కూడా చెప్పాడు. దిగేటప్పుడు లక్ష్మీపతి దుడ్డు ఇవ్వబోతే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

“నీళ్లు సూపిచ్చేదానికి దుడ్డేంది సార్. మళ్లా కార్తీకానికి రాండి. అంతే.”

ఆ ఏడాదంతా ఆయన నాతో ఆ రోజు గురించే మాట్లాడాడు. ‘బెంగుళూరోళ్లు ఏమన్నారో గుర్తుండాదా సార్’ అని.

తరువాతి ఆగస్టులో గుట్టకు అవతల పక్క, ఆయన చెప్పిన బండిదారి మీదే, జేసీబీలు దారి చదును చేయడం మొదలుపెట్టాయి. పంచాయతీ ఆఫీసు గోడకు కాగితం అంటించారు. దొనగుట్ట మీద నల్లరాయి తీయడానికి ఒక కంపెనీ లీజు అడిగిందనీ, అభ్యంతరాలుంటే గ్రామసభలో చెప్పుకోవచ్చనీ దాని సారాంశం.

సభ రోజు నేను నట్టల మందు పంచడానికి ఆ ఊళ్లోనే ఉన్నాను. స్కూలు ముందు షామియానా వేశారు. కంపెనీ తరఫున జీపు దిగింది లక్ష్మీపతి. ఈసారి బూట్లు వేరే, చేతిలో ఫైలు. ఊళ్లో పది ఎకరాలున్న శంకరప్ప లేచి అడిగాడు.

“మా గుట్టలో మంచి రాయి ఉండాదని మీకెట్ల తెలిసె? ఎన్నడూ బోరుబండి రాలేదే?”

లక్ష్మీపతి నవ్వుతూనే చెప్పాడు. “నీళ్లు దూకే చోట రాయి లోపలంతా బయటపడి కనిపిస్తుందప్పా. బోరు వేసే పనుండదు. మేం ఏ ఊరికి పోయినా ముందు ఫాల్స్ ఎక్కడున్నాయనే అడుగుతాం.” అంటూ జనంలో వెతికి, చివర కూర్చున్న మునస్వామిని చూసి చెయ్యెత్తాడు. “అదుగో, మునస్వామన్న. ఆయన చూపించకపోతే ఈ బండ మాకు దొరికేదే కాదు. మీ ఊరి బాగు ఆయన పుణ్యమే.”

అతను మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు. నలభై ఇళ్ల జనం వెనక్కి తిరిగారు.

“నువ్వా?” అన్నాడు శంకరప్ప. “వాళ్లను కొండెక్కిచ్చింది నువ్వా? మేకలు మేపుకోని పడుండక, నీకు యాల ఆ పని? మా కుంటకొచ్చే నీళ్లకు నువ్వెవడివిరా దారి సూపేదానికి?”

మునస్వామి లేచి నిలబడ్డాడు. నోరు తెరిచాడు. ఒక్కసారి నా వంక చూశాడు. నేను ఆయనకు పదడుగుల దూరంలో మందు డబ్బా పట్టుకుని ఉన్నాను. వాళ్లను ఆయన దగ్గరికి పంపింది నేను. ఫోన్ చేసింది నేను. పక్కనే నడిచింది నేను. ‘సూదుల సారు పంపించినాడు’ అంటే సరిపోయేది. ఆయన అనలేదు. నోరు మూసుకుని కూర్చున్నాడు. నేను డబ్బా మూత బిగించాను.

అందరూ వేలిముద్రలు, సంతకాలు పెట్టారు. ఊరికి తారు రోడ్డు, ఇంటికొక పని అన్నారు కదా. అడ్డం చెప్పింది మునస్వామి ఒక్కడే. ఆయన మాట రాసుకున్నారో లేదో నాకు తెలియదు.

తరువాత నెలల తరబడి ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగాడు. అర్జీ నేనే రాసిపెట్టాను. మనసులో ఉన్నదానికి నేను చేసుకున్న పరిహారం అంతే. కుప్పానికి నాలుగుసార్లు పోయాడు. ఒక ఆఫీసులో గుమాస్తా పటం పరిచి చూపించాడట. “వంక కుంట కాడినుంచి సగం దాకే ఉంది. పైన ఏం లేదు. జలపాతం ఉందని నీ దగ్గర ఆధారం ఏముంది? ఒక ఫోటో ఉందా?”

ఫోటోలన్నీ లక్ష్మీపతి ఫోన్‌లో ఉన్నాయి. కొత్తగా తీద్దామంటే ఆ ఏడు కార్తీకంలో వానలు సరిగా పడక దొన పొర్లనే లేదు.

ఆయన పట్టు వదల్లేదు. చివరికి ఒక అధికారి స్వయంగా వచ్చి చూస్తానన్నాడు. వచ్చింది మరుసటి ఏడు ఏప్రిల్ నెలలో. నేనూ పోయాను. వంకలో తేమ కూడా లేదు. చీలికలో దూరి బయటపడితే, ఎండకు కాలిపోతున్న నల్లబండ, దాని మీద పైనుంచి కిందిదాకా తెల్లటి చార. నీడ లేదు, చప్పుడు లేదు.

“ఫాల్స్ ఎక్కడయ్యా?” అన్నాడు ఆ అధికారి చెమట తుడుచుకుంటూ.

“ఇదే సార్. ఇప్పుడు లేదు. కార్తీకంలో రాండి సార్, నేనే తోడుకోని వస్తాను. ఆ సార్ సూసినాడు, అడగండి” అన్నాడు మునస్వామి నన్ను చూపిస్తూ.

ఈసారి నేను చెప్పాను. చూశాను సార్, నిజమే అని చెప్పాను. వినడానికి అక్కడ ఊరివాళ్లెవరూ లేరు. అధికారి తలూపి దిగిపోయాడు. జూలైలో లీజు వచ్చింది. ఆ కార్తీకానికి దొన దగ్గర మందు పెట్టి బండలు పేలుస్తున్నారు.

గుట్ట మీద క్వారీ మొదలైంది. కుంటలోకి పాలలాగా రాతిపొడి నీళ్లు దిగాయి. మడిలో రెండు కార్ల పంటా పోయింది. దుమ్ము పడిన ఆకు మేసి మేకలు దగ్గి దగ్గి చచ్చాయి. నేను మందు పోస్తూనే ఉన్నాను. ఊరంతా మునస్వామినే తిట్టింది. తిడుతూనే క్వారీలో చేరింది. శంకరప్ప రెండు ట్రాక్టర్లు కొని మట్టి తోలే కాంట్రాక్టు పట్టాడు. మేకలోడు ఆదెప్ప గేటు దగ్గర వాచ్‌మన్ అయ్యాడు. రేఖ మొగుడు కిరణ్ కుమార్ హిటాచీ డ్రైవరుగా కుదిరాడు. నెల జీతం చేతికి తీసుకుని సాయంత్రం టీ కొట్టు దగ్గర కూర్చుని, “గుట్టను అమ్మేసినాడు మునస్వామి” అనేవాళ్లు. ఆయన అమ్మిందేమీ లేదని వాళ్లకూ తెలుసు. లక్ష్మీదేవమ్మను సీమంతాలకు, పేరంటాలకు పిలవడం మానేశారు. కూతురింట్లో మనవరాలి చెవులు కుట్టించిన రోజున కూడా, పెద్దలు వస్తారు, నువ్వు రాకుంటే మంచిది మామా, అని అల్లుడే ఫోన్ చేశాడు.

ముప్పై మేకల్లో మిగిలిన పదకొండింటినీ ఆయన టెంపోలో పుంగనూరు సంతకు తీసుకుపోయి అమ్మేశాడు. నేను తోడు పోతానంటే వద్దన్నాడు.

రెండువేల ఇరవై నాలుగు వానాకాలంలో ఒకరోజు ఆయన మళ్లీ వంక పట్టుకుని పోయాడు. ఆ సంగతి నాకు ఆదెప్ప చెప్పాడు. రెండో దూకు దగ్గర క్వారీ నుంచి దొర్లించిన పనికిరాని రాళ్లు కొండలాగా పడున్నాయి. చీలిక పూడిపోయింది. ఆయన చేతుల్తో రాళ్లు తీయడం మొదలుపెట్టాడట. పైనుంచి చూసి ఆదెప్ప కేకలేశాడు.

“యో మునస్వామీ! బ్లాస్టింగ్ ఉండాది. ఎల్లిపో! సచ్చిపోతావు!”

“అవతల నీళ్లు వస్తాండాయా లేదా అది సెప్పు ముందు.”

“నీళ్లు యాడుండాయి? దొనే లేదు గదప్పా. దొనను కోసేసి ఆరు నెలలాయె.”

ఆయన చేతిలో రాయి కింద పెట్టాడట. సైరన్ మోగాక దిగిపోయాడట. “నేను ఆ మాట సెప్పకుండా ఉండాల్సింది సార్” అన్నాడు ఆదెప్ప. “దొన పోయిందని ఆ మనిషికి అదాకా తెలీదు. ఎవురూ సెప్పలేదు. ఎవురూ మాట్లాడరు గదా.”

పోయిన మార్చిలో నన్ను మదనపల్లె దగ్గర నిమ్మనపల్లెకు బదిలీ చేశారు. సామాను పంపించేసి, చివరిగా ఎర్రబండపల్లెకు పోయాను. మునస్వామి ఇంటి ముందు అరుగు మీద పాత గోనెసంచులు కుడుతున్నాడు. వేరుశెనగ మండీకి సంచులు కుట్టిచ్చే పని పట్టుకున్నాడు. లక్ష్మీదేవమ్మ చేటలో ఉలవలు చెరుగుతోంది. ఇద్దరూ పలకరించారు. బదిలీ అయిందని చెప్పాను. మంచిది సార్, ఇంటికి దగ్గర అయింది అన్నాడు.

కూర్చోలేకపోయాను. నిలబడే చెప్పేశాను.

“ఆ రోజు సభలో నేను లేచి మాట్లాడుండాల్సింది మునస్వామన్నా. వాళ్లను నీ దగ్గరికి పంపింది నేనే అని చెప్పుండాల్సింది.”

పరవాలేదు సార్ అంటాడని నా మనసులో ఎక్కడో ఉండింది. ఇన్నేండ్లూ బయట పెట్టని మనిషి ఇప్పుడు మాత్రం నన్ను ఎందుకు తప్పు పడతాడు అనుకున్నాను. ఆయన సూది సంచికి గుచ్చి ఆపి, నా మొహంలోకి చూశాడు.

“అవు సార్. సెప్పిండాల” అన్నాడు.

చేట చప్పుడు ఆగింది. లక్ష్మీదేవమ్మ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఆమెకు తెలియదని నాకు అప్పుడే అర్థమైంది. ఊరికి చెప్పకపోవడం సరే, ఆయన ఇంట్లో కూడా చెప్పలేదు. పేరంటాలకు పిలుపు లేక, బావి దగ్గర పలికే మనిషి లేక, మూడేండ్లు ఆమె కూడా ఆయన్నే తిట్టుకుంటూ బతికింది.

“సూదుల సారా?” అంది ఆమె, ఇంకా ఆయన్నే చూస్తూ. “వాళ్లను తెచ్చింది ఈ సారా? మరి నువ్వు యాల పలకలేదు? నేను అన్నన్ని మాటలు అంటాంటే యాల పలకలేదు?”

“పలికితే ఏమైతాది” అన్నాడాయన. “దారి సూపిచ్చింది నేనే గదా.”

ఆమె చేట పక్కన పెట్టి లోపలికి పోయింది. కొంతసేపు ఎదురుచూశాను. రాలేదు. మునస్వామి మళ్లీ కుట్టడం మొదలుపెట్టాడు. నేను బండి తీశాను. మట్టిదారి ఇప్పుడు తారు రోడ్డు అయింది. ఎదురుగా రాతి దిమ్మెల లారీలు రెండు వస్తుంటే, అవి పోయేదాకా పక్కకు ఆగి నిలబడ్డాను.